ఫెవికాల్, ఫెవిక్విక్, అరాల్డైట్: గొలుసు ఎక్కడ తయారవుతుందో చూసి కొనండి

హార్డ్‌వేర్ కొట్లో జిగురు అడిగితే కొట్టాయన మొదట "దేనికండీ?" అంటాడు. అడగాల్సిందే. కానీ కొనేవాళ్ళు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ జిగురులోని పాలిమర్ గొలుసు, అంటే చిన్న అణువులు వరసగా జతకట్టిన పొడవాటి అణువు, ఎక్కడ తయారవుతుంది? ఫ్యాక్టరీలోనా, అతుకు లోపలా, మనం కలిపే అట్టముక్క మీదా? ఈ ఒక్క సంగతి తెలిస్తే ప్యాకెట్ మీది సూచనలన్నిటికీ కారణం దొరుకుతుంది. ఈ లెక్కన ఇక్కడ చూస్తున్నవి మూడు: ఫెవికాల్ ఎస్‌హెచ్, ఫెవిక్విక్, అరాల్డైట్ స్టాండర్డ్. అరాల్డైట్ భారత వ్యాపారాన్ని 2020లో ఫెవికాల్ తయారుచేసే పిడిలైట్ కొనేసింది కాబట్టి మూడూ ఇప్పుడు ఒకే కంపెనీవి. లోపలి రసాయనం మాత్రం దేని దారి దానిదే.

ఫెవికాల్ డబ్బాలో ఉన్నది అప్పటికే తయారైపోయిన పాలిమర్, పాలీవినైల్ ఎసిటేట్. వినైల్ ఎసిటేట్ మోనోమర్‌ను (గొలుసులో ఒక్కో లంకె అయ్యే చిన్న అణువును) నీళ్ళలో సన్నగా చెదరగొట్టి, చర్యను మొదలుపెట్టే ఇనిషియేటర్ వేస్తే ఒక ఫ్రీ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు ముక్క) పుట్టి మోనోమర్‌లోని ద్విబంధాన్ని తెరుస్తుంది. తెరుచుకున్న కొస మళ్ళీ రాడికలే, అది పక్క అణువును పట్టుకుంటుంది. అలా చూస్తుండగానే వేల యూనిట్ల గొలుసు తయారవుతుంది. ఇది అడిషన్ పాలిమరీకరణం. అదంతా ఫ్యాక్టరీలోనే ముగుస్తుంది. మన చెక్క మీద జరిగేది నీరు ఇంకిపోవడం, కణాలు దగ్గరపడి ఒకదానిలో ఒకటి కలిసిపోవడం, అంతే.

అందుకే అతికే రెండు ముఖాల్లో కనీసం ఒకటైనా నీరు పీల్చేది కావాలి. చెక్క, ప్లైవుడ్, అట్ట, గుడ్డ అన్నీ సరే. సన్‌మైకాను అతికించేది చెక్క మీదే కాబట్టి అదీ సరే. గాజుకూ ఇనుముకూ మధ్య పూస్తే నీరు పోయే దారి లేక రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. 10 గ్రాములు పాలిథీన్ కవరు మీద పల్చగా పరిచి ఆరనిస్తే మిగిలే పొర సుమారు సగం బరువే తూగుతుంది. తెల్లదనం పోయి పొర తేటపడిందంటే కణాలు కలిసిపోయాయని అర్థం. తెల్లగా సుద్దలా ఉండిపోతే చలి ఎక్కువై కలవలేదన్నమాట. డిసెంబరులో లంబసింగి, అరకు వైపు తెల్లవారుజామున పని పెట్టుకునే వడ్రంగులు దీన్ని గుర్తుంచుకోవాలి. ఎండ వచ్చాక పూయడం మేలు.

దీని బలహీనత కూడా గొలుసు నిర్మాణంలోనే ఉంది. ఉడికిన సేమ్యాలా పోగులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయే తప్ప, పోగుకూ పోగుకూ మధ్య రసాయన బంధం లేదు. పాలీవినైల్ ఎసిటేట్ గట్టిదనం సడలడం మొదలయ్యేది 30 డిగ్రీల దగ్గరే. రామగుండం ఎండల్లో, నిత్యం బరువు మోసే అతుకు విరగదు గానీ నెమ్మదిగా జారుతుంది. పుస్తకాల అరకు జిగురుతోపాటు స్క్రూ కూడా వేయాల్సిందే. మామూలు ఎస్‌హెచ్ నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది. తడి తగిలే తలుపులకు ఫెవికాల్ మెరైన్ అడగండి. పల్చగా పూసి, క్లాంపు బిగించి, రాత్రంతా వదిలేస్తే లోపల చెక్కకు ఇది తిరుగులేని జిగురు.

ఫెవిక్విక్ సంగతి పూర్తిగా తలకిందులు. ట్యూబులో పాలిమర్ ఉండదు. ఉన్నది ఇథైల్ సయనోఎక్రిలేట్ అనే మోనోమర్, నీళ్ళంత పల్చగా. సయనోఎక్రిలేట్లు 1942లో అమెరికా కంపెనీ కొడాక్‌లో రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ చేతికి తగిలాయి. ప్రతిదానికీ అంటుకుపోతున్నాయని అప్పుడు పక్కన పెట్టేశారు, జిగురుగా అమ్మకానికి వచ్చింది 1958లో. ఇదీ అడిషన్ పాలిమరీకరణమే, కానీ మొదలుపెట్టేది రాడికల్ కాదు, ఆనయాన్ (ఋణావేశం ఉన్న కణం). ఏ వస్తువు మీదైనా కంటికి కనబడని తేమ పొర ఉంటుంది. ఆ కాస్త నీరు చాలు, గొలుసు మొదలవుతుంది. ట్యూబులోనే గడ్డకట్టకుండా తయారీలో అతి కొద్దిగా ఆమ్లం కలుపుతారు.

దీనితో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు చుక్క ఎక్కువ వేయడం వల్లే. తేమ ఉన్నది ఉపరితలం మీద. పొర మందమైతే పైన చర్మంలా కట్టి లోపల ద్రవంగానే మిగిలిపోతుంది. చదరపు అంగుళానికి ఒక చుక్క చాలు, నొక్కి కదపకుండా పట్టుకోవాలి. సందు పెద్దదైతే వంటసోడా చల్లి దాని మీద చుక్క వేస్తే క్షారం కాబట్టి క్షణంలో రాయిలా బిగుస్తుంది. బాగా వేడి పుడుతుంది, వేళ్ళు దూరంగా ఉంచండి. దూది మీద, నూలుగుడ్డ మీద ఒలికితే ఇంకా ప్రమాదం, చర్మం కాలేంత వేడి వస్తుంది. బకెట్లు, సీసా మూతల్లాంటి పాలిథీన్, పాలీప్రొపిలీన్ వస్తువులకు ఇది పట్టదు. వాటి గొలుసుల్లో కార్బన్, హైడ్రోజన్ తప్ప జిగురు పట్టుకోవడానికి ధ్రువ సమూహమే (కాస్త ఆవేశం ఉన్న భాగమే) లేదు. వేడి టీ పోసే కప్పు పిడికి కూడా వద్దు, 80 డిగ్రీల దగ్గర పట్టు సడలుతుంది. విప్పిన ట్యూబును సిలికా జెల్ పొట్లంతో సహా గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, చల్లటి ట్యూబు మీద చేరే తేమే దాన్ని గడ్డకట్టిస్తుంది.

ఇక అరాల్డైట్. మూడింటిలో శ్రద్ధ ఎక్కువ అడిగేదీ, ఆ శ్రద్ధకు తగిన ఫలితమిచ్చేదీ ఇదే. ఒక ట్యూబులో బిస్‌ఫినాల్-ఎ, ఎపిక్లోరోహైడ్రిన్‌లతో చేసిన పొట్టి రెసిన్ అణువులు ఉంటాయి, రెండు కొసలా ఎపాక్సీ వలయాలతో (రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసిన చిన్న వలయాలు). రెండో ట్యూబులో ఎమీన్ సమూహాలున్న (నైట్రోజన్‌కు హైడ్రోజన్లు అంటిపెట్టుకున్న) హార్డెనర్, అంటే గట్టిపరిచే పదార్థం. ఎమీన్‌లోని ప్రతి హైడ్రోజన్ ఒక ఎపాక్సీ వలయాన్ని తెరిచి బంధం కడుతుంది. ఎవరు దొరికితే వాళ్ళతో చేయి కలుపుతూ అణువులు అడుగడుగునా పెరుగుతాయి, దీన్నే స్టెప్ గ్రోత్ అంటారు. ఇంటర్ పిల్లలకు ఒక మాట: "నీరు బయటికి పోతే కండెన్సేషన్, పోకపోతే అడిషన్" అన్న సూత్రం ఇక్కడ నిలబడదు. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు ఏ చిన్న అణువూ బయటికి పోదు, అయినా పెరిగే తీరు స్టెప్ గ్రోత్. పోగొట్టుకున్నదాన్ని బట్టి కాక, గొలుసు పెరిగే పద్ధతిని బట్టి వర్గీకరించడమే సరైనది. బయటికి పోయేదేమీ లేదు కాబట్టే ఈ అతుకు పెద్దగా కుంచించుకుపోదు, గాజు-ఇనుము మధ్య కూడా పని చేస్తుంది.

ట్యూబుల నుంచి సమాన పొడవు పిండితే కొలత సరిపోతుంది. తూకమైతే 5 గ్రాముల రెసిన్‌కు 4 గ్రాముల హార్డెనర్, ఎందుకంటే రెసిన్ సాంద్రత ఎక్కువ. "హార్డెనర్ ఎక్కువేస్తే తొందరగా గట్టిపడుతుంది" అన్నది చాలామందిలో పాతుకుపోయిన పొరపాటు. జత దొరకని ఎమీన్ చేతులు అలాగే మిగిలి అతుకు మెత్తగా, జిడ్డుగా ఉండిపోతుంది. చారలు పూర్తిగా పోయేదాకా, అంచులు కూడా గీకుతూ రెండు మూడు నిమిషాలు కలపాలి. చేతికి తగలనివ్వకండి, హార్డెనర్ కొందరికి చర్మ అలర్జీ తెస్తుంది.

కొద్దిగా కలిపినది 25 డిగ్రీల దగ్గర గంటన్నర దాకా పూయడానికి వీలుగా ఉంటుంది. అదే పెద్ద ముద్దగా గిన్నెలో వదిలేస్తే తన వేడికి తానే త్వరగా బిగుస్తుంది. బిగిసింది కదా అని బరువు వేయడం తప్పు. రెండు చేతుల (ఎపాక్సీ వలయాల) రెసిన్, నాలుగు చేతుల (హైడ్రోజన్ల) ఎమీన్ సమంగా కలిస్తే, లెక్క ప్రకారం చర్య 58 శాతం చేరేసరికే వల అల్లుకుని ద్రవం కదలడం మానేస్తుంది. మిగతా బంధాలు అప్పటికింకా కట్టుకోవాలి. ఒక రోజు ఆగండి. వీలుంటే ఆ తర్వాత 60 డిగ్రీల వేడిలో ఒక గంట ఉంచండి. గది వేడిలో కదలలేక ఆగిపోయిన కొసలు అప్పుడు జత కలుస్తాయి, బలం స్పష్టంగా పెరుగుతుంది. ఎండ పడే చోట మాత్రం పసుపు రంగుకు తిరుగుతుంది, తెల్ల పాలరాతికి వాడేముందు ఆలోచించుకోండి.

పాఠం చెప్పే మాస్టార్లకు ఈ మూడింటినీ మించిన చవకైన సామగ్రి లేదు. మూడింటినీ పాలిథీన్ కవరు మీద పల్చటి పొరలుగా ఆరబెట్టి ఊడదీసి, గాజు సీసాల్లో ఎసిటోన్ పోసి అందులో వేయండి. థర్మోకోల్ కప్పు పనికిరాదు, అదే కరిగిపోతుంది. ఫెవికాల్ పొర కరుగుతుంది, అందులో కలిపిన పాలీవినైల్ ఆల్కహాల్ కరగదు కాబట్టి ద్రావణం కాస్త మసకగా కనిపిస్తుంది. ఫెవిక్విక్ పొర నెమ్మదిగా మెత్తబడి కరుగుతుంది. అరాల్డైట్ ముక్క ఉబ్బవచ్చు, అంచులు చిట్లవచ్చు, కరగడం మాత్రం జరగదు, ఎందుకంటే విడిపోవడానికి అందులో విడి గొలుసులే లేవు. ఈ పరీక్షకు ముందు అరాల్డైట్ పొరను వారం రోజులు వదిలేయండి. నిన్న కలిపినది వేస్తే చర్య జరగని భాగం ఎసిటోన్‌లోకి దిగి, వల కూడా కరుగుతుందని పిల్లలు పొరబడతారు.