కళింగపట్నం దాకా అద్దె బండి మీద: షాపు, బండి, దారి

ముందే చెప్పేస్తాను. విశాఖలో మేం బళ్ళు అద్దెకి తీసుకున్న షాపుకి ఐదుకి మూడు. హీరో ఎక్స్‌పల్స్ 200 బండికి నాలుగున్నర. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మంచి బండే, హైవే మీద దానికి వంక పెట్టలేం, కానీ ఈ దారికి నేనైతే మళ్ళీ తీసుకోను. ఎందుకో వివరంగా రాస్తాను, బండి అద్దెకి తీసుకుని తీరం వెంట ఉత్తరానికి వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుంది. షాపు పేరు అడగొద్దు. బీచ్ రోడ్డుకి దగ్గర్లోనే, ఒక సందులో ఉంది.

విశాఖలో బండి అద్దెకి తీసుకునేవాళ్ళు ఎక్కువగా అరకో లంబసింగో పోతారు. షాపులవాళ్ళూ బళ్ళని ఆ ఘాట్ రోడ్డుకి తగ్గట్టే ఉంచుతారు. బ్రేకులు బాగుంటాయి, హారన్ ఇంకా బాగుంటుంది. ఇసక సంగతి ఎవరికీ పట్టదు. మేం వెళ్ళింది ఇసకలోకే. సంక్రాంతి రద్దీ తగ్గాక, భీమిలి దాటి ముక్కాం, చింతపల్లి (లంబసింగి దగ్గరిది కాదు, సముద్రం ఒడ్డున ఉన్నది), శ్రీకూర్మం మీదుగా కళింగపట్నం. హైవే మీద పోతే శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే చేరొచ్చు. మాకు చీకటి పడింది.

నాతో వచ్చినవాడు ఏవీఎన్ కాలేజీలో నా బెంచీవాడు. అప్పట్లో వాళ్ళ నాన్నగారి బజాజ్ ఎం80 మీద ఇద్దరం భీమిలి పోయేవాళ్ళం, కైలాసగిరి దాటాక రోడ్డు మీద మేమూ మేకలూ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. మనిషి పొట్టి, పట్టుదల మాత్రం పొడుగు. "ఈ వయసులో తీసుకుంటే పెద్ద బండే తీసుకోవాలిరా" అని రైలు దిగకముందే ఫోన్‌లో తేల్చేశాడు. హిమాలయన్ వాడికి, ఎక్స్‌పల్స్ నాకు. అద్దె హిమాలయన్‌కి రోజుకి రెండు వేలకి కాస్త అటూ ఇటూ, ఎక్స్‌పల్స్‌కి అందులో మూడొంతుల్లో రెండొంతులు. డిపాజిట్ వేరే, ఒరిజినల్ ఆధార్ అడిగారు. ఇవ్వలేదు, జిరాక్స్ తీసుకున్నారు. ఒకసారి కాదంటే రెండోసారి అడగలేదు కాబట్టి మీరూ ఇవ్వకండి.

షాపులో నాకు నచ్చిన సంగతి నంబర్ ప్లేటు. అద్దెకి ఇచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండంటే అది ఎవరో సొంతానికి రిజిస్టర్ చేయించుకున్నది. దాన్ని అద్దెకి తీసుకుని ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమ్ తిప్పి పంపడానికి అదొక్కటి చాలు. ముందు నాకు చూపించిన ఎక్స్‌పల్స్ తెల్ల ప్లేటుది, తళతళలాడుతోంది. వద్దన్నాను. కుర్రాడు ఒక్క మాట కూడా వాదించకుండా వెనక నుంచి నల్ల ప్లేటుది తీసుకొచ్చాడు. కొంచెం పాతది, ట్యాంకు మీద ఎవరిదో స్టిక్కరు పీకిన మచ్చ ఉంది. అదే తీసుకున్నాను.

స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్సులో పనిచేసినవాణ్ణి, బండి చేతికిస్తే ఊరుకోలేను. స్పోకులు ఒక్కొక్కటీ స్పానరుతో తట్టి చూశాను. బిగుతుగా ఉన్న స్పోకు ఖణేల్మంటుంది, వదులైంది డబ్‌మంటుంది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 3222 అంటే 2022లో 32వ వారం తయారైందని. చైన్ వేలితో పైకీ కిందికీ ఆడించి చూశాను. మావాడు సిగ్గుపడి రోడ్డవతల టీ కొట్టుకి వెళ్ళిపోయాడు. స్పోకులు, చైన్ బాగున్నాయి. టైర్లలో గాలి మాత్రం రాయిలా కొట్టి ఉంచారు, గేజి అడిగితే లేదన్నారు. స్పేరు ట్యూబు, పంపు కూడా లేవు. "ఎక్కడ పడితే అక్కడ పంచరు షాపులే కద సార్" అన్నాడు కుర్రాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

భీమిలి దాకా చెప్పడానికేం లేదు. రోడ్డు వెడల్పు, సెల్ఫీలవాళ్ళు, పునుగుల బండ్లు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగలేదు, డచ్చివాళ్ళ సమాధుల దగ్గరా ఆగలేదు, అవి ఎప్పుడూ చూసేవే. గోస్తనీ వంతెన దాటాక సినిమా మారిపోతుంది. సరుగుడు తోటలు, తాటిచెట్లు, రోడ్డు మీదే ఆరబోసిన నెత్తళ్ళు. చేపల మీంచి బండి పోనివ్వకూడదు, పక్కకి దిగాలి. పక్కన ఉండేది ఇసకే.

ఈ తీరం సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. మ్యాపులో చూస్తే సముద్రం పక్కనే గీత గీసినట్టు వెళ్ళిపోవచ్చు అనిపిస్తుంది. మధ్యలో నదులున్నాయి. గోస్తనీ భీమిలి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర, నాగావళి శ్రీకాకుళం కింద, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. మేం ముక్కాం నుంచి లోపలికి తిరిగి హైవే ఎక్కి చంపావతి దాటాం, పూసపాటిరేగ దగ్గర మళ్ళీ సముద్రం వైపు చింతపల్లికి దిగాం. ఆ తర్వాత నాగావళిని శ్రీకాకుళం ఊళ్ళోనే దాటాం. అంటే ప్రయాణంలో కొంత హైవే, కొంత పంచాయతీ రోడ్డు, కొంత అసలు రోడ్డే కాదు. బండి ఎంచుకోవడంలో కష్టమంతా అక్కడే.

హైవే మీద హిమాలయన్ రాజా. ముందు అద్దం గాలిని ఆపుతుంది, నడుము నిటారుగా ఉంటుంది, భోగాపురం విమానాశ్రయం వైపు తిరిగే టిప్పర్ల పక్కనుంచి పోతున్నా బండి తొణకదు. ఎక్స్‌పల్స్ 200 సీసీది, 80 దగ్గర హాయిగా ఉంటుంది, అంతకుమించి దాన్ని అడగకూడదు. మావాడు ముందుకెళ్ళిపోయి, ఆగి, నేను చేరగానే వాచీ చూసేవాడు.

చింతపల్లి దగ్గర వాచీ చూడ్డం మానేశాడు. లైట్‌హౌస్ వైపు రోడ్డు బాగానే ఉంది, అక్కణ్ణుంచి పడవలు లాగి పెట్టిన చోటికి సరుగుడు తోటలో ఇసక బాట. హిమాలయన్ 199 కిలోలు, ఎక్స్‌పల్స్ దాదాపు 160. సీటు చూస్తే హిమాలయన్‌దే తక్కువ ఎత్తు, 800 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్‌ది 825. మావాడు దాన్ని ఎంచుకున్నదే అందుకు, కాళ్ళు నేలకి ఆనతాయని. ఆనాయి కూడా. కానీ ఇసకలో ముందు చక్రం పక్కకి జారినప్పుడు కాళ్ళు ఆనితే సరిపోదు, ఆ బరువుని ఆపాలి. ఆపలేకపోయాడు. బండి మెల్లగా, గేదె పడుకున్నట్టు, పక్కకి ఒరిగింది. మనిషికేం కాలేదు. ఇద్దరం ఎత్తబోతే ఇసకలో కాళ్ళు దిగబడుతున్నాయి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఏటి బాబూ, ఈ ఇసకలోకి ఇంత బండేటి?" అన్నాడు. కొన్నేళ్ళు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనిచేసి వచ్చాడట. అక్కడి సేట్ల దగ్గర కూడా ఇంత బండి చూళ్ళేదన్నాడు. మావాడికి అది పొగడ్తో ఎగతాళో ఇప్పటికీ తేలలేదు.

అక్కడ బళ్ళు మార్చుకున్నాం. రెండు బళ్ళ టైర్లలోనూ గాలి చాలావరకు తీసేశాం, గేజి లేదు కాబట్టి బొటనవేలితో నొక్కి చూసి. అలా తీస్తే టైరు పరుచుకుని ఇసక మీద తేలుతుంది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, యాక్సిలరేటర్ ఒకేలా పట్టి, ముందు బ్రేకు జోలికి పోకుండా నడపాలి. ఎక్స్‌పల్స్ మీద మావాడి మునివేళ్ళే నేలకి తగులుతున్నాయి. అయినా రెండుసార్లు పడేసి రెండుసార్లూ తనే లేపుకున్నాడు. నా రివ్యూ అంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. షాపులో కూర్చుని చూసినప్పుడు సీటు ఎత్తే కనిపిస్తుంది, ఇసకలో లెక్కకొచ్చేది బరువు. ఒక్కరే ఎత్తలేని బండితో ఒడ్డు బాటల్లోకి దిగొద్దు. హిమాలయన్‌ని నేను ఎలాగో బయటికి తెచ్చాను, నేనేదో మొనగాణ్ణని కాదు, నాకు పొడుగూ ఒళ్ళూ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు పంచరు. తిరిగి హైవేకి వస్తుంటే ఎక్స్‌పల్స్ ముందు చక్రం దిగిపోయింది, సరుగుడు మోడు ఏదో గుచ్చుకున్నట్టుంది. పంచరు షాపులు నిజంగానే ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. సమస్య వేరే. ఈ రెండు బళ్ళకీ స్పోకు చక్రాలు, లోపల ట్యూబు, ముందు చక్రం 21 అంగుళాలు. ఊళ్ళల్లో తిరిగే బళ్ళకి ఎక్కువగా 17, 18 అంగుళాలే. ట్యూబు అతుకు వేయలేనంతగా చిరిగి ఉంటే కొత్త ట్యూబు ఆ చుట్టుపక్కల దొరకదు. మా అదృష్టం, చిన్న రంధ్రమే. షాపతను చక్రం ఊడదీసి, ట్యూబు నీళ్ళలో ముంచి చూసి, టైరు లోపలంతా చేత్తో తడిమి ముల్లు తీశాకే అతుకు వేశాడు. ముల్లు తీయకుండా అతుకు వేసి పంపేవాళ్ళని చాలామందిని చూశాను. అతనికి ఐదుకి ఐదు. అద్దె షాపుకి ఇక్కడే మార్కులు పోయాయి. ఇలాంటి బండి అద్దెకిచ్చేవాడు సీటు కింద ఒక 21 అంగుళాల ట్యూబు పెట్టి పంపాలి. దాని ఖరీదు ఒక రోజు అద్దెలో చిన్న ముక్క.

శ్రీకూర్మం నుంచి కళింగపట్నం దాకా మొత్తం ప్రయాణంలో బాగా నచ్చిన దారి. కూర్మనాథుడి గుడికి రెండు ధ్వజస్తంభాలు, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుళ్ళో నక్షత్ర తాబేళ్ళని చూసి మావాడు తన స్పీడు గురించి తనే జోకు వేసుకున్నాడు, నేను వేసే అవకాశం పోయింది. అక్కణ్ణుంచి గార మండలం రోడ్లు. జీడితోటలు, కొబ్బరి, మధ్యలో మలుపు తిరగ్గానే సముద్రం. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల దగ్గర నిలబడితే కింద వంశధార, ఆ ఇసక తిన్నెలు, నది ఎటు పోతోందో మొత్తం కనిపిస్తుంది. ఈ ముక్కకి ఏ బండయినా చాలు. స్కూటీ మీద ముగ్గురు కాలేజీ పిల్లలు మమ్మల్ని దాటుకుని వెళ్ళారు.

రాత్రి సముద్రం దగ్గర బండి నిలిపితే జరిగేది ఒకటి చెప్పాలి. పొద్దున లేచేసరికి రెండు బళ్ళ చైన్ల మీదా ఎర్రపొడి. ఉప్పుగాలి ఇనుముని ఎలా తింటుందో ప్లాంటులో చాలా చూశాను, ఇది కొత్త కాదు. షాపువాళ్ళు చైన్ లూబ్ ఇవ్వరని తెలిసే 90 నంబరు గేర్ ఆయిల్ చిన్న సీసా, పాత టవలు ముక్క తెచ్చుకున్నాను. తుడిచి, రాసి, చక్రం తిప్పి బయల్దేరాం. మీరూ అంతే చేయండి, లేకపోతే తిరిగిచ్చేటప్పుడు ఆ తుప్పు మీ లెక్కలో పడుతుంది.

మా లెక్కలో పడబోయింది కూడా. తిరిగిచ్చేటప్పుడు ఓనరు వచ్చాడు, కుర్రాడు కాదు. హిమాలయన్ క్రాష్ గార్డు మీద గీత ఉందని డిపాజిట్లో కోత అన్నాడు. తీసుకునేటప్పుడే రెండు బళ్ళ చుట్టూ తిరిగి వీడియో తీసి పెట్టుకున్నాను. అందులో ఆ గీత ఉంది. ఇసకలో పడినందుకు కొత్త గీత ఒక్కటీ పడలేదు, ఇసక మెత్తన కదా. ఓనరు వీడియో రెండుసార్లు చూసి, "అయితే వాషింగ్ చార్జీ ఇవ్వండి" అన్నాడు. అది న్యాయమే, రేడియేటరు దగ్గర... కాదు, ఈ బళ్ళకి రేడియేటరు లేదు, ఆయిల్ కూలర్ సందుల్లో కూడా ఇసక ఉంది. ఇచ్చేశాం. మిగతా డిపాజిట్ అక్కడికక్కడే ఫోన్‌లో వేశాడు, రేపు మాపు అనలేదు. ఒక మార్కు దానికి.

హెల్మెట్లు ఇస్తారు కానీ వాసన. మీవి మీరు తెచ్చుకోండి. పెట్రోలు బంకు దాకా సరిపడేంతే ఉంటుంది, అది అన్ని షాపుల్లోనూ అంతే.

మావాడు తిరిగి రైలెక్కేముందు అడిగింది ఒకటే, వచ్చేసారి ఇంకా ఉత్తరానున్న బారువ దాకా పోదాం, రెండు ఎక్స్‌పల్స్‌లూ మనకే కావాలని. షాపులో నల్ల ప్లేటువి రెండే ఉన్నాయి, శని ఆదివారాలకి దొరకాలంటే వారం ముందే ఫోన్ చేసి చెప్పాలట. ట్యూబు మాత్రం నేను కొని పెట్టుకుంటాను.