వాషింగ్టన్ ప్రమాణ స్వీకారాలు: టికెట్ లేని 2013, టికెట్ ఉన్న 2025

అమెరికా అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి వెళ్లాలనుకునేవారు ముందుగా అడిగేది టికెట్ గురించే. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. అమెరికాలోని మన నియోజకవర్గ ప్రతినిధి కార్యాలయానికో, సెనేటర్ కార్యాలయానికో రాసుకుంటే, అదృష్టం బాగుంటే దొరుకుతుంది. అయినా టికెట్ లేకుండా చూసిన 2013 వేడుకే నాకు బాగా నచ్చింది. అది ఒబామాది, 2025 నాటిది ట్రంప్‌ది. నా ఓటు ఎవరికి పడిందన్నది ఇక్కడ అనవసరం. గెలిచినవారు రాజ్యాంగంలోని ప్రమాణపు 35 మాటలు పలికేటప్పుడు ఓటర్లు సాక్షులుగా నిలబడాలి, అంతే.

2013లో జనవరి 20 ఆదివారం వచ్చింది. అసలు ప్రమాణం ఆ రోజే శ్వేతసౌధంలో ముగిసింది. జనం కోసం మర్నాడు అమెరికా చట్టసభల భవనమైన కాపిటల్ మెట్ల మీద మళ్లీ చేశారు. వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉండే మా పిన్ని ఇంట్లో దిగాను. "ఈ చలిలో ఎందుకు నాన్నా, టీవీలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది కదా" అంటూనే పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. అప్పటికి అటు సిల్వర్ లైన్ మెట్రో రైలు లేదు. తెల్లవారకముందే కారులో వియన్నా స్టేషన్‌కు వెళ్లి, ఆరెంజ్ లైన్ పట్టుకుని లాంఫాంట్ ప్లాజాలో దిగాం. రైలులో నిలబడటానికే చోటు లేదు, ఒక్కరూ విసుక్కోలేదు.

నేషనల్ మాల్ మైదానంలో టికెట్ లేనివారికి దొరికేది గడ్డి, పెద్ద తెరలు, మరుగుదొడ్ల ముందు బారులు. అధ్యక్షుడు చీమంత కూడా కనిపించడు. మాట మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది, అది చాలు. అలబామా నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్దావిడ మాకు తన దుప్పటి మీద చోటిచ్చింది. ఆ రోజే నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ స్మారక దినం. ఒబామా చేయి పెట్టిన బైబిళ్లలో ఒకటి లింకన్‌ది, ఒకటి కింగ్‌ది. కింగ్ బైబిల్ తెర మీద కనిపించగానే ఆవిడ లేచి నిలబడింది. వేడుక ముగిసి లోపలికి వెళుతూ ఒబామా ఆగి, వెనక్కి తిరిగి, ఆ జనసముద్రాన్ని కాసేపు చూశాడు. ఆ చూపు కోసమైనా వేడుక ఆరుబయటే జరగాలంటాను.

2025లో టికెట్ వచ్చింది. తెల్లవారుజామునే గేటు దగ్గర ఉండాలి కాబట్టి ఊరి నడిబొడ్డునే హోటల్ తీసుకున్నాను. ఆ వారం చాలా హోటళ్లు ఒక్క రాత్రికి గది ఇవ్వవు. నాకు దొరికిన చోట మూడు రాత్రులు తీసుకోవాల్సిందే, రద్దు చేస్తే పైసా తిరిగి రాదు. దానిపైన ఏవో సౌకర్యాల రుసుము. ఆ సౌకర్యాల్లో నాకు దక్కింది ఒక నీళ్ల సీసా. ఇంతలో 17వ తేదీ శుక్రవారం ప్రకటన వచ్చింది: తీవ్రమైన చలి కారణంగా వేడుక కాపిటల్ గుమ్మటం కింద ఉన్న గుండ్రటి హాలు రొటుండాలోకి మారింది. అక్కడ పట్టేది కొన్ని వందల మందే. మా టికెట్ జ్ఞాపికగా మిగిలింది. 1985లో రీగన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడూ ఇలాగే లోపలికి మార్చారు. అయితే అప్పటి చలి వేరు, మధ్యాహ్నానికే మైనస్ 14 డిగ్రీలు. 2025లో అంత లేదు.

జనానికి నగరంలోని క్యాపిటల్ వన్ అరీనా అనే ఇండోర్ స్టేడియంలో తెర మీద చూపిస్తామన్నారు. ముందు వచ్చినవారికి ముందు, సుమారు ఇరవై వేల మందికి చోటు. వరుస వీధులు దాటి మలుపులు తిరిగింది. మధ్యాహ్నం దగ్గరపడుతున్నా నా ముందున్న వరుస తరగలేదు. పక్క వీధిలోని ఒక కాఫీ దుకాణంలోకి దూరాను. లోపల ఎర్ర టోపీల ట్రంప్ అభిమానులున్నారు, టోపీలు లేని స్థానికులూ ఉన్నారు. ఉపాధ్యక్షుడిగా వాన్స్ ప్రమాణం చేస్తుంటే, ఒక చేత పాపను ఎత్తుకుని మరో చేత బైబిల్ పట్టుకున్న ఆయన భార్య ఉష తెర మీద కనిపించింది. ఆమె తల్లిదండ్రులది ఆంధ్ర అని చెబితే పక్కాయన తన బల్ల దగ్గర కుర్చీ జరిపి ఇచ్చాడు. గాయని క్యారీ అండర్‌వుడ్ పాటకు వాద్య సంగీతం మొరాయిస్తే ఆమె ఉత్త గొంతుతోనే అందుకుంది, దుకాణంలో సగం మంది గొంతు కలిపారు. ట్రంప్ బైబిల్ మీద చేయి పెట్టలేదని ఒకరు గొణిగారు. రాజ్యాంగం అది అడగదు. 1853లో అధ్యక్షుడు పియర్స్ ఏకంగా 'ప్రమాణం చేస్తున్నాను' అనే బదులు 'ధ్రువీకరిస్తున్నాను' అన్నాడు.

నేను తెర మీద వెతికింది ఓడినవారి ముఖాలను. జనవరి 6న ఓట్ల లెక్కింపు సభకు అధ్యక్షురాలిగా తన ఓటమిని తానే చదివిన ఉపాధ్యక్షురాలు కమలా హారిస్, దిగిపోతున్న బైడెన్ ఇద్దరూ ఆ గదిలోనే కూర్చున్నారు. 2021లో బైడెన్ ప్రమాణానికి ట్రంప్ రాలేదు, ఆ కుర్చీ లోటు నాకు ఇంకా గుర్తుంది.

బసకు మాత్రం వర్జీనియా వైపే మొగ్గు చూపండి. సిల్వర్ లైన్ 2022 నవంబరు నుంచి డల్లెస్ విమానాశ్రయం మీదుగా ఆష్‌బర్న్ దాకా వెళుతోంది. రెస్టన్, హెర్న్‌డన్‌లలో బస చేస్తే రైలు మారకుండా నగరం నడిబొడ్డుకు చేరుకోవచ్చు, రాత్రికి ఇడ్లీ సాంబారూ దొరుకుతాయి. వేడుకకు ముందో తర్వాతో వాషింగ్టన్‌లో చారిత్రక పత్రాలు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ 35 మాటలున్న రాజ్యాంగ పత్రాన్ని చూడండి, ప్రవేశం ఉచితం. తర్వాతి ప్రమాణం 2029 జనవరి 20న, శనివారం. టికెట్ కోసం నవంబరు ఎన్నికలు ముగియగానే రాయండి. గది మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.