ముందు చక్రాలు పట్టుకునే చోటు, వదిలే చోటు

ఈ ప్రయాణంలో దారి మూడు రకాలు: తీరం వెంబడి ఇసుక, ఏటి పాయలను దాటుకుంటూ వెళ్లే మట్టి బాట, ఆపైన మంచు పడిన కనుమ. బండి పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలూ లాగే రకం), ముందు చక్రాలకు ఆటోమేటిక్ లాకింగ్ హబ్‌లు. చోట్ల అందచందాలు ఎవరైనా చెబుతారు. ఈ హబ్‌లతో వెళ్లేవారికి ఏ చోటు కలిసొస్తుంది, ఏది ముప్పుతిప్పలు పెడుతుంది అన్నదే ఇక్కడ నా లెక్క.

హబ్ చేసే పని చిన్నదే. ముందు చక్రాన్ని ఇరుసుతో కలపడం, అవసరం తీరాక విడదీయడం. విడదీస్తే తారు రోడ్డు మీద ముందు ఇరుసులు, డిఫరెన్షియల్ (మలుపుల్లో చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ల పెట్టె) ఊరికే తిరగవు. 1948లో అమెరికాలో ఆర్థర్ వార్న్ యుద్ధం తర్వాత మిగిలిన జీపులకు ఇలాంటి హబ్‌లు తయారు చేయడం మొదలుపెట్టాడు. వాటిని బండి దిగి చేత్తో తిప్పుకోవలసిందే. ఆటో హబ్‌లో ఆ పని ఇరుసే చేస్తుంది. లివర్ ఫోర్ హెచ్‌కి (నాలుగు చక్రాలూ లాగే స్థితికి) వేసి బండి కదిలిస్తే ఇరుసు తిరుగుతుంది, ఆ ఊపుకు లోపలి క్యామ్ (తిరుగుతూ పక్క భాగాన్ని నెట్టే ముక్క) పళ్ల రింగును జరిపి చక్రంతో కలుపుతుంది. విడిపోవాలంటే టూ హెచ్‌కి (వెనక చక్రాలే లాగే స్థితికి) మార్చి, వచ్చిన దిశకు ఎదురుగా రెండు మూడు మీటర్లు తిన్నగా నడపాలి. సుజుకీ జిమ్నీ వంటి వాటిలో వాక్యూమ్‌తో పనిచేసే హబ్‌లు ఉంటాయి. వాటికి ఈ తంతు లేదు కానీ, గొట్టంలో చిన్న లీకు వచ్చినా మొరాయిస్తాయి.

తీరంలో అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద ఏ ఇబ్బందీ లేదు. పొడి ఇసుక మేటలే ఈ హబ్‌లకు పడవు. బండి కూరుకుపోతే ముందుకూ వెనక్కూ ఊపి బయటపడాలని చూడటం అందరికీ అలవాటు. దిశ మారిన ప్రతిసారీ ఆటో హబ్ వదిలి మళ్లీ పట్టుకోవాలి. ఆ సందులో లాగేవి వెనక చక్రాలొక్కటే, అవి గొయ్యిని ఇంకాస్త లోతు చేస్తాయి. పట్టుకునే క్షణంలో యాక్సిలరేటర్ తొక్కి ఉంటే టక్కుమనే దెబ్బ పళ్లకు తగులుతుంది. అక్కడ ఊపడం మానేసి, టైర్లలో గాలి తగ్గించి, చక్రాల ముందు ఇసుక పారతో తీసి ఒకే దిశలో మెల్లగా రావడం మేలు.

ఏటి బాట మాత్రం ఈ హబ్‌ల కోసమే వేసినట్టుంది. గట్టి నేల, బురద, రాళ్లు, నీళ్లు గంటలో ఎన్నిసార్లు మారతాయో చెప్పలేం. మాన్యువల్ హబ్ ఉన్నవారు మోకాలి లోతు బురదలో దిగి, రెండు వైపులా గుండీలు తిప్పుకుంటుంటే మేము సీటులోంచి లేవలేదు. ఒక్క జాగ్రత్త: దూరం నడిపి వేడెక్కిన హబ్‌ను వెంటనే చల్లటి నీళ్లలోకి దించకూడదు. లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన ఓ-రింగ్ (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం) సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. పాయ ముందు కాసేపు ఆగి, ఫోర్ హెచ్ వేసి, హబ్ పట్టుకున్నాకే నీళ్లలోకి దిగాలి.

కనుమ దగ్గరే నా అభిప్రాయం మారింది. చలికి హబ్‌లో గ్రీజు బిగుసుకుంటే పళ్ల రింగు కదలదు. డాష్‌బోర్డు మీద ఫోర్‌వీల్ దీపం వెలుగుతూనే ఉంటుంది, అది చాలా బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే పెట్టె) సంగతి చెబుతుందే తప్ప హబ్ సంగతి కాదు. పైగా ముందున్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (తేలిగ్గా తిరిగే వైపుకే శక్తిని వదిలేసే రకం) అయితే, ఒక్క హబ్ పట్టకపోయినా శక్తంతా ఆ విడి ఇరుసును తిప్పడానికే పోతుంది, రెండో చక్రమూ లాగదు. అందుకే ఎక్కే ముందు పొడి మంచు మీద ఒకరు దిగి, బండి కదిలేటప్పుడు ముందు చక్రాలు రెండూ మంచును చిమ్ముతున్నాయో లేదో చూడాలి. దిగేటప్పుడు ఇంకో చిక్కు. కొన్ని రకాల ఆటో హబ్‌లు ఇంజిన్ బ్రేకింగ్ మీద పట్టు వదిలేస్తాయి. గడ్డకట్టిన వాలులో అది చిన్న విషయం కాదు. కనుమలే ప్రధానమైన యాత్రకు నేనైతే మాన్యువల్ హబ్‌లే వేయించుకుంటాను.

బసల్లో పరుపులు, వేడినీళ్ల కన్నా వాకిలి ఎలా ఉందో ముందు చూశాను. కనుమ కింద విడిది సౌకర్యంగానే ఉంది కానీ, బురద బాట నుంచి నేరుగా ఇరుకైన సిమెంటు వాకిట్లోకి మలుపు. గట్టి నేల మీద ఫోర్‌వీల్‌లో మలిపితే ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి, మధ్యలో డిఫరెన్షియల్ లేని బండిలో ఆ తేడా ఇరుసుల్లో మెలికగా మిగిలిపోతుంది. మెలిక ఉంటే హబ్ వదలదు. తిన్నగా వెనక్కి వెళ్దామంటే గోడ. ఏటి ఒడ్డున గుడారాల చోటు సాదాసీదాదే అయినా, బండి నిలిపేచోట మెత్తటి మట్టి, వెనక బోలెడు జాగా. నా మార్కులు దానికే.

మరమ్మతులకు రెండు షెడ్లకు వెళ్లాల్సి వచ్చింది. మొదటిచోట హబ్ మూత తీసి బేరింగుల గ్రీజు నిండా కూరి, "ఇక మీరు చూసుకోనక్కర్లేదండీ" అన్నారు. మర్నాటి నుంచే ఎడమ హబ్ పట్టడం మానేసింది. రెండో షెడ్డులో ఆ గ్రీజంతా కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, కంపెనీ చెప్పిన పలుచటి గ్రీజును వేలితో పూతలా రాశారు. సర్క్లిప్ (భాగాలు జారకుండా పట్టే స్ప్రింగు వలయం) సరిగా కూర్చుందో లేదో గోటితో గీరి చూశారు, ఓ-రింగ్ కొత్తది వేశారు. తర్వాత టూ హెచ్‌లో ముందు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పి, లోపలి ఇరుసు కదలడం లేదని నాకు వంగి చూపించారు. సగం రోజు పట్టింది. ఆ దారిన వెళ్లేవారు ఎవరడిగినా రెండో షెడ్డుకే పంపుతున్నాను.