‘హాట్ ప్లగ్ ఉంది’ అన్నారని నడిచే మిషన్‌లో కార్డు పెట్టేయకండి

వాడిన సర్వర్ బోర్డు కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను కొన్నదాని వివరాల్లో అమ్మినతను, అదనపు కార్డులు గుచ్చే స్లాట్ల గురించి, "పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లకి హాట్ ప్లగ్ ఉంది, ఆన్‌లో ఉండగానే కార్డు మార్చుకోవచ్చు" అని రాసి, రుజువుగా బయాస్ (మిషన్ ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) స్క్రీన్ ఫోటో కూడా పెట్టాడు, అందులో ‘హాట్ ప్లగ్: ఎనేబుల్డ్’ అని స్పష్టంగా ఉంది. నమ్మేశాను.

లినక్స్ నడుస్తుండగా నెట్‌వర్క్ కార్డు పెట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు, కెర్నల్ లాగ్‌లో (లినక్స్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా) ఒక్క లైను పడలేదు. అడిగితే "రీస్కాన్ చేయండి" అన్నాడు (కొత్త కార్డుల కోసం మళ్లీ వెతకమని లినక్స్‌కి చెప్పడం), చేశాను, ఏమీ రాలేదు. "రీస్టార్ట్ చేయండి" అన్నాడు, చేస్తే కార్డు కనిపించింది. "పనిచేస్తోందిగా!" అట. రీస్టార్ట్ చేస్తే ఏ బోర్డులోనైనా కనిపిస్తుంది, బయాస్ మొదటి నుంచి అన్నీ వెతుకుతుంది కాబట్టి.

తర్వాత బయాస్‌లోకి వెళ్లి చూస్తే ఆ ఫోటోలోది సాటా డిస్కుల మెనూ! స్లాట్లకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

నిజంగా హాట్ ప్లగ్ ఉంటే జరిగేది వేరు. కార్డు అంచున ‘ప్రెజెన్స్’ పిన్నులు మిగతావాటికన్నా పొట్టిగా ఉంటాయి, అందుకే చివర్లో తగులుతాయి. అవి తగిలాయని స్లాట్ కంట్రోలర్ ఇంటరప్ట్ (ప్రాసెసర్‌కి ‘ఇటు చూడు’ అనే సిగ్నల్) పంపితే లినక్స్‌లో హాట్ ప్లగ్ చూసుకునే పీసీఐఈహెచ్‌పీ డ్రైవర్ అందుకుని, కార్డుతో లింకు నిలబడ్డాక వెండర్ ఐడీ (తయారీదారు నంబరు) చదువుతుంది (అన్నీ ఎఫ్‌లే వస్తే అక్కడ ఎవరూ లేనట్టే), ఆ తర్వాతే మెమరీ అడ్రస్‌లు కేటాయించి కార్డు డ్రైవర్‌ని పిలుస్తుంది. బటన్ ఉన్న సర్వర్ స్లాట్లలో అయితే నొక్కాక 5 సెకన్లు లైటు మిణుకుతుంది, ఆలోపు మళ్లీ నొక్కితే రద్దు. మామూలు బోర్డుల్లో ఇంటరప్ట్ పంపేవాడే లేడు, పైగా ఖాళీ స్లాటు తాలూకు పోర్టునే (ఆ స్లాటుని ప్రాసెసర్‌కి కలిపే దారి) బయాస్ చాలాసార్లు దాచేస్తుంది, ఇక రీస్కాన్ దేన్ని వెతుకుతుంది? అన్నిటికన్నా భయపెట్టేది ఏంటంటే, ఆ స్లాట్లలో మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ 12 వోల్టులు ఉంటాయి, పెట్టేటప్పుడు కార్డు కాస్త వాలినా షార్ట్ అవ్వచ్చు. నా కార్డు బతికింది అంటే అదృష్టమే.

కాబట్టి కొనే ముందు అమ్మేవాళ్లని రూట్‌గా (పూర్తి అధికారాలతో) లినక్స్‌లో ‘ఎల్ఎస్‌పీసీఐ -వీవీ’ (lspci -vv, పీసీఐ పరికరాల జాబితా చూపే కమాండ్) నడిపి ఆ ఫలితం పంపమనండి. స్లాటు ఉన్న పోర్టు కింద ‘ఎస్ఎల్‌టీక్యాప్’ (SltCap, స్లాటు ఏం చేయగలదో చెప్పేది) లైనులో ‘హాట్‌ప్లగ్’ పక్కన ప్లస్ ఉండాలి, మైనస్ ఉంటే వదిలేయండి. చెప్పాపెట్టకుండా లాగేయాలంటే ‘సర్‌ప్రైజ్’ పక్కన కూడా ప్లస్ కావాలి. ప్లస్ ఉన్నా సరే, బయాస్ ఆ పోర్టు వెనక మెమరీ అడ్రస్‌లు ఖాళీగా వదలకపోతే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కనిపిస్తుంది కానీ పనిచేయదు, విండోస్‌లో అది కోడ్ 12గా (వనరులు చాలవనే ఎర్రర్) వస్తుంది.

వెనక్కి తీసుకోమంటే "రీస్టార్ట్‌తో వస్తోంది కదండీ" అనే మాటే మళ్లీ మళ్లీ చెప్తున్నాడు. ఆ సాటా ఫోటో ఇంకా తీయలేదు.