రైల్ మదద్ 139: ఫిర్యాదు వెంటనే చేరుతుంది, నీళ్లు మాత్రం పట్టే స్టేషన్ వచ్చాకే

రైల్వేలో ఒకప్పుడు ఫిర్యాదుకి 138, భద్రతకి 182 అంటూ ఒక్కో పనికి ఒక్కో నంబరు ఉండేది. 2020 జనవరిలో 138ని, 2021 ఏప్రిల్‌లో 182ని 139లో కలిపేశారు. ఫోన్ చేసినా, యాప్‌లో పెట్టినా, వెబ్‌సైట్‌లో రాసినా చేరేది రైల్ మదద్ అనే ఒకే ఫిర్యాదుల వ్యవస్థకి. దూర ప్రయాణాలు చేసేవాళ్లకి రైల్వే ఇచ్చిన సౌకర్యాల్లో ఇది బాగా పనికొచ్చేదే. కాకపోతే దీని బలమేంటో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిసి వాడాలి.

ఒంట్లో బాగోకపోయినా, ఎవరైనా వేధిస్తున్నా యాప్ జోలికి పోవద్దు. 139కి ఫోన్ చేసి 1 నొక్కితే నేరుగా మనిషి లైన్‌లోకి వస్తారు. మిగతా వాటికి యాప్ మేలు, ఫొటో జత చేయొచ్చు. మొబైల్ నంబరు, ఓటీపీ, 10 అంకెల పీఎన్‌ఆర్ కొట్టాలి. జనరల్ టికెట్ అయితే దాని మీదున్న యూటీఎస్ నంబరు ఇవ్వాలి. ఆ తర్వాత ఫిర్యాదు రకం ఎంచుకోవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. ఏసీ, ఫ్యాను, చార్జింగ్ పాయింటు ‘ఎలక్ట్రికల్ ఎక్విప్‌మెంట్’ కిందకి వస్తాయి, ‘కోచ్ మెయింటెనెన్స్’ కిందకి కాదు. బాత్రూం కంపు కొడుతూ నీళ్లు కూడా రాకపోతే అవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. కడిగేది ఒకరు, నీళ్లు పట్టేది ఇంకొకరు.

వివరంలో కోపం అక్కర్లేదు. బోగీ, బెర్తు, ఏ వైపు బాత్రూం, ఏ స్టేషన్ నుంచి ఇబ్బంది, ఈ నాలుగూ చాలు. యాప్‌ని తెలుగులో వాడుకున్నా ఈ నాలుగు ముక్కలూ ఇంగ్లిష్‌లో కొట్టండి. బండి నాగ్‌పూర్ దాటాక తెలుగు చదివే ఉద్యోగి అవతల దొరకడం కష్టం.

బోగీ శుభ్రం చేయడంలో ఈ సేవకి మంచి మార్కులే పడతాయి, ఎందుకంటే సిబ్బంది బండిలోనే ఉంటారు. ఆన్‌బోర్డ్ హౌస్‌కీపింగ్ ఉన్న బండ్లలో వాళ్ల డ్యూటీ పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా. పదిన్నరకి పెట్టిన ఫిర్యాదు తెల్లవారే దాకా ఆగుతుందంటే కారణం అదే. రాత్రికి బాత్రూం బాగుండాలంటే తొమ్మిదిన్నరకల్లా పెట్టేయాలి.

నీళ్ల సంగతి వేరు. నడుస్తున్న బండికి ఎవరూ నీళ్లు పట్టలేరు. రెండు నిమిషాల హాల్టులో 20కి పైగా బోగీలకి గొట్టాలు తగిలించి నింపడమూ కుదరదు. విజయవాడ లాంటి పెద్ద జంక్షన్‌లో బండి కాస్త ఎక్కువసేపు ఆగినప్పుడే ఆ పని జరుగుతుంది. కాబట్టి అలాంటి స్టేషన్‌కి గంట, గంటన్నర ముందే ఫిర్యాదు పడాలి. దాటాక పెడితే మళ్లీ పెద్ద స్టేషన్ వచ్చేదాకా ఎదురుచూపే. ఇంకో చిక్కుంది. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీల్లో పెద్ద ట్యాంకులు బోగీ అడుగున ఉంటాయి, పంపు వాటిని పైకి ఎక్కించాలి. పంపు ఆగితే కింద నిండా నీళ్లున్నా కొళాయి పొడిగానే ఉంటుంది. నీళ్లు పట్టిన స్టేషన్ దాటిన వెంటనే కొళాయి రావట్లేదంటే ఆ మాట వివరంలో రాయండి. అప్పుడు గొట్టం పట్టుకునే మనిషితో పాటు పంపు చూసే మనిషి కూడా రావాలని వాళ్లకి అర్థమవుతుంది.

ఇది ఎక్కడో ఒకచోట జరిగే ఇబ్బంది కాదు. దూరప్రాంత రైళ్ల పారిశుద్ధ్యంపై 2025 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కల్ని ఆడిట్ చేసే సంస్థ) నివేదిక ప్రకారం, 2022-23లో బాత్రూముల్లో, వాష్‌బేసిన్లలో నీళ్లు లేవంటూ వచ్చిన ఫిర్యాదులు 1,00,280. వాటిలో 33,937 ఫిర్యాదులకి అనుకున్న గడువు దాటిపోయింది.

రైల్ మదద్‌కి ఉన్న అసలు లోపం వేరే. ఎవరి మీద ఫిర్యాదు చేశామో, ‘పరిష్కరించాం’ అని మూసేది కూడా ఆ శాఖే. భద్రత విషయంలో ఈ ఇబ్బందిని ఎప్పుడో గుర్తించారు. ప్రమాదాలపై విచారణ చేసే రైల్వే సేఫ్టీ కమిషనర్లు 1941 నుంచీ రైల్వే బోర్డు చేతి కింద లేరు. ఇప్పుడు వాళ్లు పౌర విమానయాన శాఖ పరిధిలో ఉన్నారు. నీళ్లకి, దుప్పట్లకి, భోజనానికి అలాంటి బయటి కాపలా లేదు. కాగ్ ఆడిట్ చేస్తుంది, నిజమే, కానీ అది మీ బండి గమ్యం చేరిన ఏళ్లకి గానీ బయటికి రాదు. అందుకే ఫిర్యాదు మూశాక ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఫీడ్‌బ్యాక్ లింకుని వదిలేయొద్దు. పని కాకపోతే ‘అన్‌సాటిస్‌ఫాక్టరీ’ అని కొట్టండి.

రైల్ మదద్‌లో ఫిర్యాదు పెట్టినంత మాత్రాన డబ్బు వెనక్కి రాదు. ఏసీ పనిచేయలేదంటే టీటీఈ దగ్గర సర్టిఫికెట్ రాయించుకుని, బండి గమ్యం చేరిన 20 గంటల్లోపు ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ (డబ్బు వాపసుకి పెట్టే అర్జీ) వేయాలి. బండి 3 గంటలకి మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే, మీరెక్కాల్సిన స్టేషన్ నుంచి అది కదలకముందే టీడీఆర్ పడాలి. అలాగే సామాను పోతే 139కి చెప్పినంత మాత్రాన ఎఫ్ఐఆర్ కట్టినట్టు కాదు. కేసు రాసేది జీఆర్‌పీ, అంటే రైల్వే పోలీసులు. దానికోసం మధ్యలో దిగక్కర్లేదు, టీటీఈ దగ్గరుండే ఫారం నింపి ఇస్తే చాలు.

రైల్వే జవాబు నచ్చకపోతే కేంద్రం నడిపే ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది. 2024 మార్గదర్శకాల ప్రకారం ఫిర్యాదు తేల్చడానికి గడువు 21 రోజులు, జవాబు మీద అప్పీలుకి వెళ్లొచ్చు. ఆ పైన వినియోగదారుల కమిషన్. ఆలస్యానికి సరైన కారణం చూపకపోతే రైల్వే పరిహారం కట్టాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రయాణికుడి దగ్గరున్న సొమ్ము దొంగతనానికి పోతే అది రైల్వే సేవా లోపం కాదని 2023లో అదే కోర్టు తేల్చింది. కమిషన్ దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే ఫిర్యాదు నంబరు, ఫొటోలు, రైల్వే రాసిన ముగింపు వాక్యం స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి.