తిరుపతి షాపువాళ్లకు హెచ్చరిక: "సోర్స్ కోడ్ కూడా ఇస్తాం" అంటే ఫైలు తెరిచి చూశాకే డబ్బు ఇవ్వండి

బాలాజీ కాలనీ వైపు నాకు చిన్న స్టేషనరీ షాపు ఉంది. నోటు పుస్తకాలు, పెన్నులు, జిరాక్స్, సీజన్‌లో స్కూలు బ్యాగులు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం 18,000 రూపాయలకు ఒప్పుకుని, 10,000 అడ్వాన్సు కట్టి ఇరుక్కున్నాను. అమ్మినవాళ్ల పేరు రాయను, గొడవ ఇంకా తేలలేదు. కానీ అవే మాటలు చెబుతూ ఊళ్లో ఇంకా షాపులు తిరుగుతున్నారు కాబట్టి జరిగింది చెప్తున్నాను.

వేరేవాళ్లు తక్కువకే ఇస్తామన్నా వీళ్ల దగ్గర కొనడానికి కారణం ఒక్కటే. కొటేషన్‌లో "సోర్స్ కోడ్‌తో సహా" అని రాసిచ్చారు. సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాము, చదవడానికీ మార్చడానికీ వీలైనది. నా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, వాడికి జావా (ప్రోగ్రాములు రాసే భాష) వచ్చు. రేపు పన్ను మారినా, బిల్లు కింద ఒక లైను చేర్చాలన్నా ఎవరినీ బతిమాలకుండా ఇంట్లోనే పని అయిపోతుందని నా లెక్క. పెన్‌డ్రైవ్‌లో 'సోర్స్' అని ఒక ఫోల్డరు ఇచ్చారు. లోపల 47 ఫైళ్లు, అన్నిటి పేర్ల చివరా 'డాట్ జావా'. సరుకు దించుకునేటప్పుడు అట్టపెట్టెలు లెక్కపెట్టినట్టు ఫైళ్లు లెక్కపెట్టి సంతకం చేశాను. ఒక్క పెట్టె కూడా విప్పలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు 12 శాతం నుంచి సున్నాకు వచ్చాయి. నా షాపులో సగం సరుకు అదే. సాఫ్ట్‌వేర్ మాత్రం 12 శాతమే వేస్తోంది. రేటు మార్చుకునే చోటే పెట్టలేదు, కోడ్ లోపలే రాసేశారు. ఫోన్ చేస్తే "మార్పుకు 3,500 అవుతుందన్నా" అన్నాడు. సోర్స్ మన దగ్గరుంటే నీకెందుకు ఇవ్వాలి అనుకుని మావాణ్ణి పిలిపించాను.

వాడు ఒక ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. తెర నిండా పిచ్చి గుర్తులు, గళ్లు, మధ్య మధ్య ఇంగ్లీషు మాటలు. మళ్లీ ఫోన్ చేశాను. అవతలివాడు తడుముకోలేదు. "ఎన్‌క్రిప్ట్ చేసిచ్చాం అన్నా, మీ సేఫ్టీకే." ఎన్‌క్రిప్ట్ అంటే తాళం లేనివాళ్లు చదవలేకుండా మార్చేయడం. నిజం చెప్పాలంటే నేను నమ్మేశాను. మావాడు హెచ్ఎక్స్‌డి అనే హెక్స్ ఎడిటర్ (ఫైలులోని బైట్లను, అంటే కంప్యూటర్ దాచుకునే అంకెలను, ఉన్నవి ఉన్నట్టు చూపే ప్రోగ్రాము, ఉచితంగానే దొరుకుతుంది) దించుకుని, అదే ఫైలును అందులో తెరిచి, మొదటి వరస మీద వేలు పెట్టి చూపించాడు.

"మామా, ఇది జావా సోర్స్ కాదు. క్లాస్ ఫైలు. పేరు మార్చి నీకు అంటగట్టారు."

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. ఫైలు పేరు చివర ఉండేది ఎవరైనా మార్చగలిగే బోర్డు. సోర్స్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చడాన్ని కంపైల్ చేయడం అంటారు, జావాలో అలా వచ్చేదే క్లాస్ ఫైలు. కంపైల్ చేసిన ఫైలు రకం తెలియాలంటే దాని మొదటి బైట్లు చూడాలి. ఆ గుర్తును మ్యాజిక్ నంబర్ అంటారు. జావా క్లాస్ ఫైలైతే మొదటి నాలుగు బైట్లు 'సీఏ ఎఫ్ఈ బీఏ బీఈ'. కలిపి చదివితే 'కేఫ్ బేబ్' అని వస్తుంది, దాన్ని పెట్టినవాళ్లు సరదా మనుషులై ఉండాలి. మా 47 ఫైళ్లలోనూ అదే ఉంది. అసలు జావా సోర్స్‌కు ఇలాంటి గుర్తే ఉండదు. అది మనం చదవగలిగే మామూలు టెక్స్ట్, 'ప్యాకేజ్' అనో 'ఇంపోర్ట్' అనో ఒక కామెంటుతోనో (రాసినవాళ్లు పెట్టుకునే వివరణ) సాధారణంగా మొదలవుతుంది. అంటే సోర్స్ అని ఇచ్చిన ఫైల్లో ఈ గుర్తు కనిపించిందంటే మోసం అక్కడే బయటపడినట్టు. ఎన్‌క్రిప్షన్ మాట కూడా అబద్ధమే. ఎన్‌క్రిప్ట్ చేస్తే ఈ గుర్తు ఇంత శుభ్రంగా మిగలదు.

ఆ నాలుగు బైట్ల తర్వాత ఇంకో నాలుగింటిలో వెర్షన్ ఉంటుంది. మాకు వచ్చింది '00 00 00 3డీ'. హెక్స్ లెక్కలో (0 నుంచి 9, ఆపై ఏ నుంచి ఎఫ్ వాడే పద్ధతి) 3డీ అంటే మన లెక్కలో 61, అంటే జావా 17. గోడౌన్‌లో ఉన్న పాత కంప్యూటర్‌లో జావా 8 ఉంది, అది 52 వరకే చదువుతుంది. అందుకే అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ నడవలేదు. అప్పుడు వీళ్లు నాతో చెప్పింది "కంప్యూటర్ ముసలిదైపోయిందన్నా, కొత్తది తీసుకోండి" అని. కొత్త కంప్యూటర్ కూడా వాళ్లే ఇప్పిస్తామన్నారు లెండి.

అసలు విశేషం ఇంకా కిందికి వెళ్తే దొరికింది. క్లాస్ ఫైల్లో పేర్లు, మాటలు కొన్ని చదవగలిగేలా మిగిలిపోతాయి. కుడివైపు గడిలో 'బ్యాచ్ నంబర్', 'ఎక్స్‌పైరీ డేట్', 'డాక్టర్ నేమ్' అని ఇంగ్లీషులో కనిపించాయి. "మామా, మన పెన్సిళ్లకు ఎక్స్‌పైరీ ఉందా?" అని వాడు పడీపడీ నవ్వాడు. ఏదో మందుల షాపు కోసం చేసిన సాఫ్ట్‌వేర్‌కు పైన రంగు మార్చి "మీ కోసమే ప్రత్యేకంగా రాశాం" అని నాకు అమ్మారు.

నిలదీస్తే "డీకంపైల్ చేసుకోండి, అదే సోర్స్" అన్నాడు. డీకంపైలర్‌తో (కంపైల్ అయిన ఫైలును వెనక్కి సోర్స్‌లా మార్చే ప్రోగ్రాము) కొంత రాబట్టవచ్చు, నిజమే. కానీ రాసినవాళ్ల కామెంట్లు తిరిగి రావు. పైగా ఆ కోడ్ మీద హక్కు ఎవరిదో? ఆ జోలికి వెళ్లొద్దన్నాను.

రెండు రోజులకు వాళ్ల కుర్రాడు ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చాడు. 'కొత్త రేట్ల పట్టిక' అని ఒక ఫైలు, మీద పీడీఎఫ్ బొమ్మ. నేనొక్కణ్ణే ఉంటే నొక్కేసేవాణ్ణి. పీడీఎఫ్ అయితే మొదట్లో '25 50 44 46' ఉండాలి. దీనికి ఉన్నది '4డీ 5ఏ'. అది విండోస్‌లో నడిచే ప్రోగ్రాముల (ఎక్స్‌ఈ ఫైళ్ల) గుర్తు, అక్షరాల్లో 'ఎంజెడ్'. డాస్ (విండోస్‌కు ముందటి సిస్టమ్) రోజుల్లో ఆ ఫార్మాట్ తయారుచేసిన మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని మొదటి అక్షరాలట. అలిపిరి మెట్ల మీద పేర్లు చెక్కించుకున్నట్టు ప్రపంచంలోని ప్రతి ఎక్స్‌ఈ మీదా ఆయన పేరుంది. మావాడు ఇంకో మెట్టు కూడా చూశాడు. హెక్స్‌లో 3సీ అనే స్థానంలో ఒక చిరునామా ఉంటుంది, అక్కడికి వెళ్తే, విండోస్ ప్రోగ్రామైతే, '50 45 00 00' ఉండాలి. ఉంది. పట్టిక పేరుతో వచ్చింది ప్రోగ్రామే. విండోస్ మామూలుగా పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది కాబట్టి 'డాట్ పీడీఎఫ్ డాట్ ఎక్స్‌ఈ' అన్నదాంట్లో మనకు పీడీఎఫ్ వరకే కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్నచోట టిక్ పెట్టండి, ఇవాళే. వాళ్లు కావాలని పంపారని నేను అనను. పది షాపులు తిరిగిన పెన్‌డ్రైవ్, ఎక్కడ ఏం అంటుకుందో. నడపకుండా తీసేశాం.

గుర్తు సరిగ్గా ఉంటే ఫైలు మంచిదని మాత్రం అనుకోకండి. బెంగళూర మామిడి పెట్టెలో పైవరస చూసి లోపలి కాయను నమ్మగలమా? మాకిచ్చిన సెటప్ బ్యాకప్‌కు ఎంజెడ్ చక్కగా ఉంది, కానీ కాపీ మధ్యలో తెగిపోయి సగమే వచ్చింది. అందుకే ఫైలుతో పాటు దాని షా-256 హ్యాష్ (ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు మారితే ఇదీ మారుతుంది) కూడా రాసివ్వమనండి. మన దగ్గర విండోస్‌లోని పవర్‌షెల్‌లో (కమాండ్లు టైపు చేసే తెర) 'గెట్-ఫైల్‌హ్యాష్' కొట్టి రెండూ కలుస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. అలాగే '50 4బీ' అని మొదలైతే అది జిప్ కుటుంబం. వర్డ్, ఎక్సెల్ కొత్త ఫైళ్లు, జావా జార్, ఆండ్రాయిడ్ ఏపీకే అన్నీ అందులోకే వస్తాయి కాబట్టి అంతటితో ఆగకుండా లోపల ఏముందో తెరిచి చూడాలి. లైనక్స్ ఉన్నవాళ్లకు ఇంత కష్టం లేదు, 'ఫైల్' అనే కమాండ్ పేరును నమ్మకుండా ఈ గుర్తులు చూసే చెబుతుంది.

మీరు కొనేటట్టయితే కొటేషన్‌లో 'సోర్స్ కోడ్' అని వదిలేయకండి. "చదవగలిగే జావా టెక్స్ట్ ఫైళ్లు, మా కంప్యూటర్‌లో మా ముందే కంపైల్ చేసి నడిపి చూపించాలి" అని రాయించండి. అది జరిగాకే బ్యాలెన్స్. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని ఆ 8,000 ఆపి ఉంచడం.

నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వ్యాపారం కోసం కొన్నది వినియోగదారుల చట్టం కిందికి రాదని అమ్మినవాళ్లు దబాయిస్తున్నారు. 2019 చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నదైతే ఆ మినహాయింపు వర్తించదని కూడా అందులోనే ఉంది. నా షాపులో నేనూ, మా ఆవిడా తప్ప ఇంకెవరూ లేరు. కొటేషన్, ఆ 47 ఫైళ్ల హెక్స్ తెరల ఫొటోలు తేదీలతో సహా దాచి పెట్టాను.

మొన్న 4,000 వెనక్కి వేశారు, మిగతాది దీపావళి తర్వాత అన్నారు. ఏ దీపావళో చెప్పలేదు. అంతవరకు నోటు పుస్తకాలకు చేత్తోనే బిల్లు రాస్తున్నాను, కార్బన్ పేపరు పెట్టి.