ఫోర్క్‌లిఫ్ట్ ప్రొపేన్ సిలిండర్: ఆరేళ్ల వాడకం తర్వాత

న్యూజెర్సీలో మన సరుకులు పంచే ఒక హోల్‌సేల్ గోదాములో ఆరేళ్లుగా ఫోర్క్‌లిఫ్ట్ (సరుకులెత్తే బండి) నడుపుతున్నాను. ఎత్తేది ఎక్కువగా బియ్యం బస్తాల ప్యాలెట్లే. బండి నడిచేది ప్రొపేన్ గ్యాస్ మీద, వెనక పడుకోబెట్టి కట్టే సిలిండర్‌లో అది 33.5 పౌండ్లు పడుతుంది. సుమారు 15 కిలోలు, మన ఊళ్లో ఇంటికొచ్చే 14.2 కిలోల గ్యాస్ బండకు కాస్త ఎక్కువ. ఒక షిఫ్టుకి దాదాపు సరిపోతుంది.

బండతో పోలిక అక్కడితో సరి. దాన్ని నిలబెట్టి పైనుంచి ఆవిరి వాడుకుంటాం. ఇక్కడ సిలిండర్ నుంచి వచ్చేది ద్రవం. బండిలోకి వెళ్లాక ఇంజిన్ కూలెంట్ వేడికి ఆవిరవుతుంది. ఇది తెలియకముందు నేను రెండు తప్పులు చేశాను.

మొదటిది పిన్ను. సిలిండర్‌ని పెట్టే బ్రాకెట్ మీద చిన్న పిన్ను ఉంటుంది, అది సిలిండర్ కాలర్‌కి (వాల్వ్ చుట్టూ ఉండే పట్టీకి) ఉన్న రంధ్రంలో కూర్చోవాలి. అప్పుడే సేఫ్టీ వాల్వ్ పైవైపుకి, సిలిండర్ లోపల ద్రవం లాగే గొట్టం అడుక్కి వస్తాయి. నేను హడావుడిలో ఎలా పడితే అలా పెట్టి బెల్టు బిగించేశాను. ఇంకా గ్యాస్ ఉండగానే బండి ఆగిపోయింది. అది చిన్న నష్టమే. సేఫ్టీ వాల్వ్ కిందికి తిరిగి ఉన్నప్పుడు ఒత్తిడి పెరిగి తెరుచుకుంటే బయటికి చిమ్మేది ద్రవం. అది ఆవిరైతే 270 రెట్లవుతుందని తెలిశాక, పిన్ను చేత్తో తడిమి చూడనిదే బెల్టు ముట్టుకోవడం లేదు.

రెండోది గ్లవ్స్ లేకుండా, సిలిండర్ నుంచి బండికెళ్లే గొట్టం విప్పడం. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది. రెండు చుక్కలు వేలి మీద పడితే చర్మం తెల్లబడి, కాలినట్టే బొబ్బ లేచింది. ఇప్పుడు ముందు సిలిండర్ వాల్వ్ కట్టేస్తాను, ఇంజిన్ దానంతటది ఆగేదాకా ఉంచి, గొట్టంలో మిగిలింది అయిపోయాకే విప్పుతాను. ఒక నిమిషం పని. అంతకంటే ముందు అందరూ మర్చిపోయేది, గొట్టాన్ని సిలిండర్‌కి తగిలించే కప్లింగ్ లోపలి నల్ల రబ్బరు రింగు. పగిలినా, ఊడినా ఎంత బిగించినా లీకే. సబ్బునీళ్లు రాస్తే బుడగల్లో కనబడిపోతుంది. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేలబారునే పాకుతుంది, అందుకే వాసన చూడాలంటే కాస్త వంగుతాను.

చలికాలం పొద్దున వాల్వ్ గబుక్కున తిప్పితే గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పారితే ఆపే ఇంకో లోపలి వాల్వ్ మూసుకుని బండి స్టార్ట్ అవదు. కట్టేసి కాసేపాగి మెల్లగా తెరిస్తే లేస్తుంది. కొత్తవాళ్లు బ్యాటరీని తిట్టుకుంటారు.

స్టీలుదా, అల్యూమినియందా అని అడిగితే అల్యూమినియమే. పది పౌండ్ల పైనే తేలిక, నడుముకి ఆ తేడా తెలుస్తుంది. ఖాళీవైనా నిండువైనా బయట జాలీ బోనులోనే పెడతాం. గోదాము తలుపులన్నీ మూసి నడిపితే మాత్రం తల బరువెక్కుతుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కదా.

ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఒకటీ గ్యాస్ ఎంత మిగిలిందో చూపే గేజీకే, దాన్ని నమ్మలేను. అది పావు దగ్గరికొస్తే నేనింక గోదాము చివరి వరసకి వెళ్లను.